చివరి ముక్కకు చాలని పాకం

గోదావరి సీమలో ఆనకట్ట కట్టిన ఏడాదినీ, తుఫానులు వచ్చిన ఏడాదులనూ పెద్దలు శ్రద్ధగా రాసిపెట్టారు. రావులపాలెంలో ఉదయభాస్కర్ గారి పెరట్లో పాకం చాలకపోవడం మొదలైన రోజును మాత్రం ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ నాలుగు ముక్కలూ.

ఉదయభాస్కర్ గారు చేలకు నీళ్ళు తోడే మోటార్లు అమ్ముతారు. నెలకో ఆదివారం మాత్రం దుకాణం మూసి పోర్క్ చాప్స్ వండుతారు. అంటే, ఎముకతో సహా మందంగా కోసిన పంది మాంసం ముక్కలన్నమాట. రాజమండ్రి నుంచి తెప్పించి, ఉప్పూ మిరియాలూ అల్లంవెల్లుల్లీ పట్టించి, పెనం మీద ఎర్రగా కాల్చి, పైన బెల్లమూ చింతపండూ కలిపిన పాకాన్ని కుంచెతో పూస్తారు. ఫోన్లో ఆయన చూసిన వీడియోలో దాన్ని గ్లేజ్ అన్నారట. మన బెల్లానికి మెరవడం ఎప్పటినుంచో తెలుసు, ఆ పేరొక్కటే తెలీదు.

వంట పెరట్లోనే జరగాలి. ఆయన భార్య వెంకటదుర్గ గారు, "అది నా వంటింటి గడప తొక్కిందంటే నేను మా పుట్టింటి గడప తొక్కుతాను" అని ఒక్క వాక్యంలో రాజ్యాంగం రాసేశారు. ఆ పుట్టిల్లు పూతరేకుల ఆత్రేయపురం. తీపి విషయంలో ఊరుకోవడం ఆవిడ రక్తంలో లేదు. అందుకని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి పాకం వరకే ఆజ్ఞలు జారీ చేస్తుంటారు.

"తీగ వచ్చేసిందండీ, దించండి దించండి!"

తినేది నలుగురం. ఆయన, అరటి రైతు తాతాజీ గారు, హైస్కూల్లో లెక్కలు చెప్పే లోకనాథ్ గారు, నేను. మనిషికొక పెద్ద ముక్క. కుంచె తిరుగుతుంటే ఒక్కో ముక్కా కొత్త బిందెలా మెరుస్తుంది. సరిగ్గా చివరి ముక్క దగ్గర కుంచె ఆగిపోతుంది.

"పాకం చాల్లేదండి."

"మళ్ళీనా!" అంటారు లోకనాథ్ గారు.

"తాతాజీ గారూ, మీరైతే ఏమీ అనుకోరు కదండీ."

"అనుకుంటానండి. అయినా తింటాను," అంటూ తాతాజీ గారు ఆ పూతలేని ముక్కను తన పళ్ళెంలోకి లాక్కుంటారు.

ఒకసారి గిన్నెలో పాకం కనబడుతూనే ఉంటే నేను వేలెత్తి చూపించాను. "అది పాకం కాదండి, పాకం నీడ," అన్నారు ఉదయభాస్కర్ గారు.

మా సీమలో మనిషికి కోర్టు కేసులుండొచ్చు, బావమరిదితో మాటలు లేకపోవచ్చు. విస్తరి ముందు కూర్చోబెట్టి 'చాల్లేదు' అనడం మాత్రం పరువు తక్కువ. పాకం చాలకపోయినా ఆ మాట ఊరంతా పాకింది. ఆయన అత్తగారు రత్తమ్మ గారు ఫోన్ చేశారు. "ఆత్రేయపురం అల్లుడికి పాకం చాల్లేదంటే మేం నలుగుర్లో తిరగాలా వద్దా బాబూ?"

"తిరగండి అత్తయ్యగారూ, ఒంటికి మంచిది," అన్నారీయన.

లెక్కల మాస్టారికిక సహనం చాల్లేదు. ఆ మరుసటి నెల ఆదివారం లోకనాథ్ గారు బుట్టెడు బెల్లంతో దిగి, గరిట లాక్కున్నారు. బాణలి నిండా పాకం పట్టారు. నాలుగు ముక్కలకే కాదు, ప్రహరీగోడకు పూసినా మిగులుతుంది.

"ఇప్పుడనండి, చాల్లేదని!"

ఉదయభాస్కర్ గారి మొహం వాడిపోయింది. మూడు ముక్కలకు పూశారు. నాలుగోదాని దగ్గర బాణలిలోకి చూసి, "ముదిరిపోయిందండి," అన్నారు.

"ఏం ముదిరిందండీ, తేనెలా ఉంటేనూ!" కిటికీ అరిచింది.

ఆవిడ మాట పూర్తయ్యేలోగా ఆయన బాణలి ఎత్తుకెళ్ళి, పెరటి మూలనున్న అరటి మొక్క మొదట్లో బోర్లించారు.

"చెయ్యి జారిందండి."

"చెయ్యి జారితే కాళ్ళ దగ్గర పడుతుందండి! అరటి మొక్క దాకా నడిచెళ్ళి పడుతుందా?" లోకనాథ్ గారు గరిటెత్తి అరటి మొక్కకేసి చూపించారు.

తాతాజీ గారు తన పళ్ళెం ముందుకు జరిపారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన నా బండెక్కారు. కాలవ గట్టు మీదకు రాగానే వెనక నుంచి భుజం తట్టారు.

"నాకు షుగరండి. ఎవరితోనూ అనకండి."

"చెబితే ఏమవుతుందండీ?"

"మన ఊరి త్రిమూర్తులు గారిని చూడలేదా? షుగరుందని చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఏ పంక్తిలో కూర్చున్నా ఆయనకి గ్లాసుడు మజ్జిగ, గంపెడు సలహాలు. ఒకరు కాకరకాయంటారు, ఒకరు మెంతులంటారు. ఇంకొకరు ఆయన పళ్ళెమే తీసేస్తారు. పాపం, భోజనాలకి రావడమే మానేశారు. నాకున్నది ఈ ఒక్క ఆదివారమేనండి."

"మరి ఉదయభాస్కర్ గారికి మీరు చెప్పారా?"

"లేదండి. రక్తపరీక్ష చేసేచోట ఎదురుపడ్డాం. ఏంటిలా వచ్చారని కూడా అడగలేదు మహానుభావుడు. ఆ ఆదివారం నుంచి పాకం చాలడం మానేసింది."

తరవాతి నెల కుంచె చివరి ముక్క దగ్గర ఆగగానే, "సిగ్గులేదటండీ!" అని అందరికంటే ముందు అరిచింది నేనే. లోకనాథ్ గారు తోడు దొరికిందని మురిసిపోయారు. ఉదయభాస్కర్ గారు తలవంచుకుని నవ్వు దాచుకున్నారు. తాతాజీ గారు తన ముక్కలో కొంత తుంచి, చడీచప్పుడూ లేకుండా నా పళ్ళెంలో వేశారు.

పాకం పూసిన వాటికన్నా అదే బాగుంది.