పదకొండో అంతస్తులో ఇల్లు కడిగేను

కువైట్‌లో కాపురం పెట్టి వారం తిరక్కుండానే బిల్డింగ్ బిల్డింగంతా నన్ను గుర్తుపట్టేసిందండీ! ఎందుకని అడక్కండి. సరే, అడిగేరు కాబట్టి చెప్తాను. టీ కప్పులు కింద పెట్టుకోండి, నవ్వితే మీదపడుతుంది.

ముందు ఆ ఇల్లు చూడాలి మీరు. పదకొండో అంతస్తు! మన మలికిపురంలో నేనెక్కిన పెద్ద ఎత్తు మా డాబా మీది వాటర్ ట్యాంకు. ఈ ఫ్లాటులో కిటికీ తెరిస్తే అటుపక్క సముద్రం, ఇటుపక్క ఇసుక. కాలవ లేదు, చెరువు లేదు, వాన మాటే లేదు. మరి కుళాయి తిప్పితే నీళ్ళు దబదబా!

“ఏవండీ, ఇవి ఎక్కడి నీళ్ళండీ?” అన్నాను మా ఆయన్ని.

“సముద్రానివే. ఉప్పు తీసేసి పంపిస్తారు.”

నోరు తెరిచేసేను. దోసిలి పట్టి తాగి చూసేను. ఉప్పు లేదు! మన సముద్రం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే కదా, తాగడానికి కాలవే దిక్కు. వీళ్ళేమో సముద్రాన్నే వంటింట్లోకి తెచ్చేసేరు! ఆ రోజంతా గ్లాసు పట్టుకుని కుళాయి చుట్టూనే తిరిగేను. అంత ఆశ్చర్యపోయినదాన్ని, ఆ నీళ్ళతో ఏం చేసేనో వినండి.

ఆ ఫ్లాటు ఊరికే రాలేదు. అన్నాళ్ళూ మా ఆయన బేచిలర్ల రూములో, మంచం మీద మంచం వేసుకుని ఉన్నారు. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసున్నది సెలవుల్లోనే. తిరగ్గా తిరగ్గా ఇది దొరికింది. ఓనరు పెద్దాయన ముందే చెప్పేసేడట, ఒక్క కంప్లయింటు వచ్చినా ఖాళీ చేయించేస్తానని.

“ఇది పోతే ఇంకోటి ఇప్పట్లో దొరకదు సువార్తా. నువ్వు మళ్ళీ మలికిపురం వెళ్ళిపోవాలి. జాగ్రత్త” అన్నారు మా ఆయన.

“ఆయ్, నేనేం చేస్తానండీ!” అన్నాను.

శుక్రవారం అక్కడ సెలవు. సాయంత్రం పాస్టరు గారు, ఆయన భార్య అమ్మగారు వచ్చి కొత్తింట్లో ప్రార్థన చేస్తామన్నారు. వాళ్ళదీ మన రాజోలు వైపే. ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే ముందు మనమేం చేస్తాం? ఇల్లు కడుగుతాం! తడిగుడ్డతో తుడవడం కూడా ఒక శుభ్రమేనా? బకెట్లు బకెట్లు గుమ్మరించి, చీపురుతో బర్రుబర్రున తోస్తే ఆ నీళ్ళు గుమ్మం దాటి కొబ్బరి మొక్క పాదులోకి పోవాలి. అందుకని కొబ్బరీనెల చీపురు సూట్‌కేసులో పెట్టుకుని మరీ వెళ్ళేను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, వాసన కూడా చూసేడు!

మా ఆయన సరుకులకి వెళ్ళేరు. నేను కొంగు దోపేను. బకెట్టు మీద బకెట్టు! ఆ టైల్స్ మీద నీళ్ళు పడితే నా మొహం నాకు కనపడింది. ఎంత బాగుందో! ఆ అందం చూసే ఇంకో రెండు పోసేను. అప్పుడు తూము కోసం చూసేను. మన ఇళ్ళలో నీళ్ళు పోవడానికి గోడ మొదట్లో ఉంటుంది కదా. నాలుగు మూలలా వెతికేను. లేదు! ఇంత మేడ కట్టి తూము మర్చిపోయేడేంటని కట్టినవాణ్ణి తిట్టుకుని, తలుపు బార్లా తీసి నీళ్ళన్నీ బయటికి తోసేను.

బయట వీధి లేదు కదండీ. కారిడార్ ఉంది. దాని చివర లిఫ్టు ఉంది. నీళ్ళకి ఒకరు దారి చెప్పాలా? తిన్నగా వెళ్ళి లిఫ్టు తలుపు కింది సందులోంచి జలజలా కిందికి! ఎడారి దేశంలో ఆ చప్పుడు వింటూ ఒక్క క్షణం మైమరచిపోయేను కూడా. అంతలో పైకొస్తున్న లిఫ్టు మా అంతస్తు దగ్గరే టక్కుమని ఆగిపోయింది. లోపల్నుంచి సన్నగా స్తుతి పాట. గొంతు గుర్తుపట్టేను. పాస్టరు గారు ముందే వచ్చేసేరు!

“అయ్యగారూ!” అని తలుపు సందులోంచి కేకేసేను.

“సువార్తా, నువ్వేనా? పైనుంచి చినుకులు పడుతున్నాయమ్మా. ఈ దేశంలో వానేంటి, అదీ లిఫ్టులో?”

“వాన కాదండీ అయ్యగారూ… మా హాలు!”

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చేడు. ఈజిప్టు మనిషి. ఆయన అరబ్బీలో అన్నవాటిలో ఒక్క ముక్క తెలీలేదు గానీ భావం పూర్తిగా అర్థమైంది. ఆయన తాళం పెట్టి లిఫ్టు తలుపు తీసేసరికి పాస్టరు గారు, అమ్మగారు తలలు తుడుచుకుంటూ బయటికొచ్చేరు. మెట్ల మీంచి మా ఆయన సరుకుల సంచులతో రొప్పుతూ వచ్చేరు. ఆయన వెనకాలే, కింది అంతస్తులోనే ఉండే ఓనరు! మా ఆయన నన్ను చూసేరు, చీపురు చూసేరు, నీళ్ళు చూసేరు. నాకు ఆ క్షణంలో మలికిపురం బస్టాండు కళ్ళముందు కనపడింది.

ఓనరుకి హిందీ వచ్చు. నాకు స్కూలు హిందీ. పెద్దాయన వంగి నేల మీది నీళ్ళు వేళ్ళతో ముట్టుకున్నాడు.

“మీ ఊళ్ళో ఇల్లు ఇలాగే కడుగుతారా?”

అబద్ధం ఆడలేకపోయేను. “ఆయ్” అని తలూపేసేను.

“అంత నీళ్ళెక్కడివి?”

“ఇంటి వెనక కాలవండీ. కాస్త దూరం పోతే గోదారి. సఖినేటిపల్లిలో ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డున మనిషి కంటికి ఆనడు. పంటు పడవ ఎక్కి దాటాలి.”

“అదంతా మంచినీళ్ళేనా?”

“మా వైపు మంచినీళ్ళేనండీ.”

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసేడు, నేనేదో అబ్బురం చెప్పినట్టు. తర్వాత మెల్లగా అన్నాడు: “మా తాత రోజుల్లో తాగే నీళ్ళు పక్క దేశం నుంచి పడవల్లో వచ్చేవి. తోలుతిత్తి ఒక్కటి ఇంటిల్లిపాదికీ. మా నాన్నమ్మ మొహం కడిగిన నీళ్ళు కూడా పారబోసేది కాదు.”

నీళ్ళ మీద పడవలు నడుస్తాయని తెలుసు గానీ, పడవలో నీళ్ళు రావడమేంటండీ! సిగ్గుతో ఏడుపు కూడా వచ్చింది. అలాంటి చోట నేను నీళ్ళని చీపురుతో తోసేను!

ఆయన మా ఆయన వైపు తిరిగేడు. “ఈ అమ్మాయిని ఉండనివ్వు. బకెట్లు మాత్రం నాకిచ్చెయ్” అన్నాడు. వాచ్‌మన్ లోపలికొచ్చి బాత్రూములో ఉన్నదాంతో సహా పట్టుకుపోయేడు.

అందరం కలిసి పాత దుప్పట్లతో నేల తుడిచేక ప్రార్థన మొదలైంది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, చేతులెత్తి, “ప్రభువా, ఈ కొత్త కాపురాన్ని దీవించుము. ఈ బిడ్డకి తడిగుడ్డతో తృప్తిపడే మనసు దయచేయుము” అన్నారు.

అందరికంటే గట్టిగా “ఆమేన్” అన్నది మా ఆయన. నేనూ అన్నాను లెండి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ.