చినుకు చూసిన చెయ్యి

మంగళవారం పొద్దున బుక్కరాయసముద్రం నుంచి ఫోన్ వచ్చింది. డైరెక్టరు సారు ఇంటి పక్కన ఉండే అక్క.

"అన్నా, సారు వరండాలో పడుకొనుండాడు. రోజూ సచ్చిపోయినట్ల ఆడతాడు కదా, అట్లే అనుకొని కసువు ఊడ్చుకుంటా ఉన్న్యా. టీ కూడా పక్కన పెట్టి పోతి. ఈసారి లేస్తాలేడన్నా."

ఆమె తప్పేమీ లేదు. సారుది బెల్జియం దేశం. వయసులో ఉన్నప్పుడు అక్కడ సినిమా నటుడు. వేసినవన్నీ ఇంటర్వెల్‌లోపు చచ్చిపోయే వేషాలే. గుర్రం మీద నుంచి పడి, వంతెన మీద నుంచి దూకి, హీరో తుపాకీకి ఎదురుపోయి చచ్చాడు. ఎవరు పోయి కూర్చున్నా ఆ చావులన్నీ వరండాలో పడి చూపించేవాడు. చివరికి నిజంగా పోతే నమ్మేవాళ్లు లేకపోయారు.

మరుసటి రోజుకే ఆ ఊళ్లో ఫ్లెక్సీ లేచింది. 'కరువు సీమ కన్నీరు తుడిచిన కళామూర్తి' అని రాశారు. ఆయన ఎవరి కన్నీరూ తుడవలేదు. సినిమా కోసం ఏడవనివాళ్లను ఏడవమన్నాడు, ఏడుపు రాకపోతే ఉల్లిగడ్డ తెప్పించాడు. ఆ ఉల్లిగడ్డ తెచ్చింది నేనే. ఫ్లెక్సీలో ఆయన ముఖం పక్కన చాపిన అరచెయ్యి ఒకటి ఉంది. అది మా నాయనది. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే.

పాతికేళ్ల కిందట ఆయన మడకశిర దగ్గర మా పల్లెకు కరువు మీద సినిమా తీయడానికి వచ్చాడు. వేషాలు తగ్గాక డైరెక్టరయ్యాడనీ, అంతకుముందు తీసిన రెండూ వాళ్ల దేశంలోనే ఎవరూ చూడలేదనీ వెంట వచ్చిన కెమెరా ఆయన చెప్పాడు. సొంత ఊళ్లో ఆడని ఆటను మా ఆకలితో ఆడించుకుందామని వచ్చాడన్న మాట. మా మాట తొందరగానే పట్టుకున్నాడు. కాకపోతే ఆడవాళ్లను కూడా 'ఏమప్పా' అనే పిలిచేవాడు.

నేను ఏడో తరగతితో బడి మానినవాడిని. శెనక్కాయల మిల్లులో రోజువారీ పద్దు రాసేవాడిని. నా గుండ్రటి రాత చూసి షూటింగ్ పుస్తకం నా చేతికిచ్చాడు. ఏ షాట్‌లో ఎవరు ఎటు నిలబడ్డారు, కంబళి ఏ భుజం మీద ఉంది, పొద్దు ఎటు వాలింది, అన్నీ అందులో ఎక్కించాలి. "చూసింది రాయి. అనుకొనింది రాయొద్దు" అని మొదటి రోజే చెప్పాడు. నాకు గురువంటూ ఒకడు చెప్పిన మాట అదొక్కటే. ఇప్పటికీ రోజుకొక పేజీ అట్లాగే రాస్తాను. దానికి మాత్రం ఆయనకు దండం పెడతాను.

ఆ ఏడు ఆయన ఖర్మకొద్దీ కరువు సరిగా రాలేదు. అందుకని తలకు నూనె రాసుకోవద్దని ఆడవాళ్లకు చెప్పాడు. మా పెద్దమ్మ తిరగబడింది.

"పస్తున్న్యా కూడా తల దువ్వుకొనే బయటికొస్తాం మేము. పస్తుండేది పక్కింటికి ఏంటికి తెలియల్ల? మీ ఊర్లో చాటింపేస్తారేమప్పా?"

ఆయన నవ్వి, ఆమె నెత్తిన దుమ్ము చల్లించాడు.

ఒక సాయంత్రం మోడం వేసింది. ఆకాశం అట్లా మూసుకొచ్చినప్పుడు మా పల్లెలో మాటలాపి, అరచెయ్యి బయటికి చాపి, కదలకుండా పట్టుకుంటారు. ఒక చినుకు మాటను ఎవరూ నమ్మరు. రెండోది పడేదాకా చెయ్యి తీయరు. మా నాయన గొర్రెల ముందు నిలబడి అట్లా చెయ్యి చాపాడు. కెమెరా తిరిగింది. 'గొర్రెలాయన చినుకు చూస్తున్నాడు. కుడి చెయ్యి. ఎడమ భుజం మీద కంబళి' అని నేను పుస్తకంలో రాశాను.

రెండో చినుకు పడింది. వెంటనే వాన. ఊరంతా వేషాలు వదిలేసి విత్తనాలకూ విత్తే గొర్రుకూ పరుగెత్తింది. భూమి పదును ఎవరి కోసమూ ఆగదు. డైరెక్టరు సారు బురదలో నిలబడి ఆకాశాన్ని తన భాషలో తిట్టాడు. వానను తిట్టిన మనిషిని నేను ఆయననొక్కణ్ణే చూశాను.

మరుసటి ఏడు అనంతపురంలో ఆ సినిమా వేశారు. మా నాయన ఉతికిన పంచె కట్టుకొని ముందు వరుసలో కూర్చున్నాడు. తెర మీద ఆయన చెయ్యి వచ్చింది. దాని వెంటే ఒక కారు అద్దం దిగింది. లోపల దొర వేషంలో డైరెక్టరు సారే. జాలిగా చూసి, ఒక రూపాయి బిళ్ల బయటికి అందించాడు. కారు షాట్ తీసింది పామిడి దగ్గర, ఇంకొక రోజున. నా పుస్తకంలో చేతికీ కారుకూ మధ్య తొమ్మిది పేజీలున్నాయి. తెర మీద రెప్పపాటు లేదు. హాలంతా 'అయ్యో' అంది.

బయటికొచ్చి నాయన అడిగాడు. "నేను ఎవుర్నన్నా అడుక్కున్న్యానా?"

"లేదు నాయనా."

"ఆ చెయ్యి నాదేనా?"

"నీదే."

"తీసేయమను."

అప్పటి నుంచి మోడం వేస్తే ఆయన చెయ్యి చాపలేదు. నేల మీద దుమ్ములో చుక్కలు చూసి వాన తెలుసుకుంటాడు.

నేను పోయి సారును అడిగాను. ఏడాదికొకసారైనా అడిగాను. "ఏమప్పా, ఆ చెయ్యి తీసేస్తే నా సినిమాలో ఏముండాది?" అనేవాడు. అదొక్కటీ నిజం. వాళ్ల దేశంలో బహుమతి వచ్చింది ఆ చేతికే. తర్వాత తీసినవేవీ నిలవలేదు, వేషాలూ రాలేదు. తిరిగిపోవడానికి మొహం చెల్లక, చెరువు పక్కన ఇల్లు బాడిగకు తీసుకొని ఉండిపోయాడు. ఎవరైనా చూడడానికి వస్తే, "ఆ మనిషి ఆకలితో చెయ్యి చాపినాడు, నా గుండె ఆగిపోయింది" అని చెప్పేవాడు. చూసింది కాదు, అనుకున్నది కూడా కాదు, పనికొచ్చేది చెప్పేవాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతూ విన్నాను. ఆయన మీద నాకెంత చులకనో, ఆ టీ తాగినవాడి మీద అంతకంటే ఎక్కువ.

చావు సంగతి చెబితే నాయన, "నా చెయ్యి ఈడ పెట్టి పోయినాడా, ఎత్తుకొనే పోయినాడా?" అన్నాడు. తర్వాత కంబళి అందుకున్నాడు. "పా. పగోడైనా పిడికెడు మన్ను ఎయ్యల్ల."

ఆదివారం సారు పేరున ఆ సినిమా మళ్లీ వేస్తున్నారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. సభలో మాట్లాడడం నాకు చేతకాదు. పుస్తకంలో ఆ పేజీ చదివి దిగిపోతాను. ఆ రోజు రాలేనివాళ్లు ఇక్కడే చదువుకోండి: గొర్రెలాయన చినుకు చూస్తున్నాడు.

నిన్న సమాధుల దొడ్డిలో మన్ను వేసి బస్సు కోసం నిలబడ్డాం. చెరువు మీద నల్లగా మూసుకొచ్చింది. స్టాపులో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే చేతులు చాపారు. కింద తారు రోడ్డు, చూసుకోవడానికి దుమ్ము లేదు. నాయన రెండు చేతులూ కంబళి లోపలే పెట్టుకొని నా వైపు తిరిగాడు.

"సూడప్పా, పడ్తాండాయేమో."

నేను చెయ్యి చాపాను. ఒకటి పడింది. రెండోది పడేదాకా అట్లాగే పట్టుకున్నాను. నాయన నా అరచేతినే చూస్తూ నిలబడ్డాడు.