లంకలో పుట్టిన ప్రెసిడెంటమ్మ

రెబెక్కమ్మ పదకొండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు శ్రీలంక నుంచి ఓడలో వచ్చి రామేశ్వరంలో దిగింది. ఆమె ముత్తాతలు తేయాకు తోటల్లో పనికి వెళ్లిన తమిళులు. రెండు దేశాల ఒప్పందంలో తండ్రికి ఇండియా పౌరసత్వం వచ్చింది. ఆ పత్రంలో ఆమె పేరు కూడా ఉంది. నెల్లూరు దగ్గర నూలుమిల్లులో తండ్రికి పని దొరికింది. తెలుగు అక్షరాలు ఆమె చర్చిలో, బైబిలు మీద వేలు పెట్టి నేర్చుకుంది. ఇరవయ్యో ఏట విడవలూరు మండలంలోని ఒక సముద్రపు పల్లెకు, పడవ నడిపే బెన్హర్‌కు భార్యగా వచ్చింది.

ఊరు ఆమెను చాలాకాలం "లంకామె" అనే పిలిచింది. బెన్హర్ జబ్బుచేసి పోయాక, తడలో ఉండే అన్న వచ్చి తనతో రమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు. ఎండుచేపల గంప నెత్తినపెట్టుకొని ఊళ్లు తిరిగి, కూతురు షారన్‌ను డిగ్రీ చదివించింది. తుఫాను వచ్చిన ఏడాది, నీళ్లు చుట్టుముట్టకముందే ఇంటింటికీ వెళ్లి, కదిలేది లేదని మొండికేసిన ముసలివాళ్లను కసిరి మరీ బడికి చేర్చింది. మూడు రోజులు అక్కడే అందరికీ వండిపెట్టింది. మరుసటేడు సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చిందని తెలియగానే ఊరి ఆడవాళ్లంతా కూడబలుక్కొని ఆమెచేత నామినేషను వేయించారు.

ఎదురు పోటీ వాణి. నామినేషన్లు పరిశీలించే రోజు లేచి మాట్లాడింది మాత్రం వాణి భర్త నరేంద్రబాబు.

"సార్, ఈమె పుట్టింది లంకలో. చెల్లదని రాయండి."

రెబెక్కమ్మ సంచిలోంచి తండ్రి పత్రం తీసి బల్ల మీద పెట్టింది. ఎన్నికల అధికారి రెండుసార్లు చదివి, "చెల్లుతుంది" అన్నాడు.

నరేంద్రబాబు ఊరుకోలేదు. "కాయితం ఉంటే ఓటేసుకోమనండి. ఊరినేలేదానికి కూడా వస్తే ఎట్లా సార్? ఈరోజు ఊరికి ప్రెసిడెంటు అంటారు, రేపు దేశానికే ప్రెసిడెంటు అవుతామంటారు!"

గదిలో నవ్వులు లేచాయి. రెబెక్కమ్మ నవ్వలేదు.

"కావచ్చునన్నా" అంది. "రాష్ట్రపతి అయ్యేదానికి భారత పౌరులై ఉండాల, ముప్పై అయిదేళ్లు నిండుండాల, లోక్‌సభకి నిలబడే అర్హత ఉండాల. యాడ పుట్టినారు అని రాజ్యాంగంలో అడగలా."

షారన్ గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ రోజూ పైకి వల్లెవేసేది. చేపలు ఆరబెడుతూ వినీవినీ తల్లికి అది కంఠతా వచ్చేసింది. అధికారి కళ్లజోడు తీసి, "ఆమె చెప్పింది అక్షరాలా నిజం" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

అయినా ఊళ్లో మాట ఆగలేదు. ప్రచారానికి వెళ్లినప్పుడు, అందరూ మర్యాదిచ్చే పెద్దరైతు జయరామయ్య ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నెమ్మదిగానే అడిగాడు.

"అమ్మా, తప్పుగా అనుకోబాక. పుట్టినచోటి మీద మనసు యాడికి పోతాది? లంకోళ్లు మన పడవల్ని పట్టుకుంటే నువ్వు ఎవురి పక్క నిలబడతావు?"

ఆమెకు కోపం రాలేదు. ఈ ప్రశ్నను ఎవరో ఒకరు తన మొహాన అడగాలనే ఆమె ఎన్నాళ్లుగానో కోరుకుంది.

"పెద్దాయనా, తోటలో పూసిన తెల్లపూలు ఇప్పటికీ కలలోకొస్తాయి. కాదనను. కానీ నా మొగుడు ఈ సముద్రంలోనే బతికినాడు, ఈ మట్టిలోనే పండుకున్నాడు. మీరంతా ఈడ పుట్టినారు కాబట్టి ఉండారు. నేను పొయ్యే దారి ఉండి కూడా ఉండాను. నేను ఎవురి పక్కో మీరే చెప్పండి."

జయరామయ్య కోడలిని పిలిచి, "ప్రెసిడెంటమ్మకి మజ్జిగ తీసకరా" అన్నాడు.

ఆ ఒక్క పిలుపు సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. లెక్కింపులో రెబెక్కమ్మ నలభైమూడు ఓట్ల ఆధిక్యంతో గెలిచింది.

ప్రమాణం చేసే రోజు తడ నుంచి అన్న కుటుంబమంతా వచ్చింది. భారత రాజ్యాంగానికి విధేయురాలినై ఉంటానని ఆమె ఒక్కచోటా తడబడకుండా చదివింది. ముందు వరుసలో కూర్చున్న షారన్ తల్లినే చూస్తూ ఉండిపోయింది. వెనక వరుసలోంచి వాణి లేచి, భర్త వైపు చూడకుండా, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.