తాడు పట్టిన రాహేలమ్మ టీచర్

ఈ ఉదయం మా బడి వెనక ఎవరో పచ్చాకు తగలబెట్టారు. ఆ ఘాటు పొగ ముక్కుకు తగలగానే ఎత్తిపోతల హోరు చెవుల్లో నిండిపోయింది. ఆ జలపాతం గుర్తొస్తే మా డ్రిల్లు టీచర్ రాహేలమ్మ గారు గుర్తు రాకుండా ఉండరు.

సాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. మాచర్లలో ఆడపిల్లలను సినిమాకు పంపడానికే వెనకాడేవారు. అలాంటిది, మమ్మల్ని కొండలెక్కించి తీరాలని టీచర్ పట్టు. ఊళ్ళో ఆవిడను మొండిది అనేవారు. నాకైతే ఆ మొండితనమే ముద్దొచ్చేది. ఇల్లిల్లూ తిరిగి అమ్మలను ఒప్పించి, బస్సు మాట్లాడి, మమ్మల్ని ఎత్తిపోతలకు తీసుకెళ్ళారు.

అంచుదాకా మామూలు ఏరులా వచ్చిన చంద్రవంక అక్కడ ఒక్కసారిగా విరిగి పడుతోంది. తుంపర ముఖాన కొడుతుంటే నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. పక్క కొండచరియకు తేనెపట్లు వేలాడుతున్నాయి. ఒక చెంచు యువకుడు పొగలు కక్కే ఆకుల కట్ట పట్టుకుని, అడవి తీగలతో పేనిన తాడు మీద గాలిలోకి దిగిపోయాడు. తాడు కొస చెట్టుకు కట్టే ఉంది. అయినా పైన ఇంకొకతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"చెట్టుకు కట్టారుగా, మళ్ళీ నువ్వెందుకయ్యా?" అని టీచర్ అడిగారు.

"చెట్టుకేం పోద్దమ్మా? దిగినోడు మా బావ. ఆయనకేమన్నా అయితే ఏడ్చేది మా అక్క. అందుకే మాలో పెళ్ళాం తమ్ముడే తాడు పట్టాల. సొంత అన్నదమ్ములక్కూడా ఇయ్యం," అన్నాడతను, తాడు మీంచి చూపు తిప్పకుండా.

టీచర్ బస్సులోంచి తాడు తెప్పించారు. తర్వాత జలపాతానికి ఎదురుగా ఉన్న బండ మీదికి మమ్మల్ని ఒక్కొక్కరినే, నడుముకు తాడు కట్టి దించసాగారు. బస్సు క్లీనరు ముందుకొచ్చి, "మీవల్ల కాదు టీచరమ్మా, నేను పట్టుకుంటా," అన్నాడు.

"వొద్దు నాయనా. వీళ్ళ అమ్మలకు చేతిలో చెయ్యేసి చెప్పొచ్చింది నేను," అన్నారావిడ.

నా వంతు వచ్చింది. సగం దిగాక నాచు మీద కాలు జారింది. కింద తెల్లటి నురుగు తప్ప ఏమీ కనపడలేదు. నడుం దగ్గర తాడు బిగిసింది.

"ఏమే, కిందికేంది చూపు? నన్ను చూడు!" అని టీచర్ కేక వేశారు. చూశాను. మడమలు బండకు తన్నిపెట్టి వెనక్కి వాలి ఉన్నారు. ముఖంలో బెదురన్నదే లేదు. పైకి లాగాక చూస్తే ఆవిడ అరచేతుల్లో తోలు లేచిపోయింది. నేను ఏడుస్తుంటే ఆ చేతులతోనే మళ్ళీ తాడు అందుకున్నారు.

"ఇంకోసారి దిగు. ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడూ దిగవు."

దిగాను. కొండంత నీళ్ళు నా కళ్ళెదుట విరిగి పడుతుంటే ఒళ్ళు పులకరించింది. ఇంత గొప్పదాన్ని చూసే హక్కు నాకూ ఉందని ఆ బండ మీదే మొదటిసారి అనిపించింది.

నేనూ డ్రిల్లు టీచర్నయ్యాను. మొదటిసారి ఒక పిల్లను కొండ దించినప్పుడు నా చేతులు వణికిపోయాయి. ఆ పిల్లకు కనపడనివ్వలేదు. ఆ రోజు రాహేలమ్మ గారి చేతులూ వణికే ఉంటాయని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళైనా నా వణుకు పోలేదు. అది పోయిన రోజున తాడు ఇంకొకరికి ఇచ్చేస్తాను.