తడి చీర రెండో కొస

ఆ వార్త మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే సెల్వం అన్న. సునామీ అన్న మాట అప్పటికి మాలో ఎవరికీ తెలియదు, అందరూ ‘పానీ వచ్చింది’ అనే అనేవాళ్ళు. ఫోన్లు పలకక, వేరే దీవిలో, హట్ బేలో ఉన్న మా మేనత్త కరుణ, ప్రకాశం మావయ్య ఏమయ్యారో తెలియక, మా నాన్న రోజూ పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వస్తున్న రోజులవి. సెల్వం అన్న ఆ పొద్దున పాలక్యాను లేకుండానే వచ్చాడు. సైకిలు గేటుకి చేరవేసి, లోపలికి రాకుండా అక్కణ్ణుంచే చెప్పాడు.

“కరుణ దీదీ జెట్టీ మీదుంది అన్నా. బోటులో ఖలాసీ ఉన్నాడు కదా మా తమ్ముడు, వాడు కళ్ళారా చూసేడు. భాయ్ సాబ్ కా పతా నహీ.”

ముందు మాటకి దేవునికి స్తోత్రం చెప్పుకోవాలో, మావయ్య జాడ లేదన్న వెనక మాటకి ఏడవాలో తెలియక మా అమ్మ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నాన్న చొక్కా తొడుక్కుంటూనే బస్సుకోసం పరుగెత్తాడు.

ఇదంతా ఈ పొద్దున గుర్తుకు రావడానికి కారణం ఒక చీర. షాదీపూర్‌లో అత్త ఉంటున్న ఇంట్లో ఆవిడ ఇనప్పెట్టె సర్దుతుంటే, కలరా ఉండల మధ్య, అడుగున, ఆ నెమలికంఠం రంగు నూలుచీర దొరికింది. ఒకచోట చిక్కటి నీలం, ఒకచోట వెలిసిన ఆకాశం, మధ్యమధ్య మబ్బుల్లా మచ్చలు. ముక్కుకి ఆనించుకుంటే ఇన్నేళ్ళ ఉతుకుల తరువాత కూడా ఏదో మూల వేడి రంగునీళ్ళ వాసన, తుప్పు ఇనుమూ పొగా కలిసినట్టుండే ఆ వాసన, ఇంకా ఉందనిపించింది. బహుశా అది చీరలో లేదేమో, నా ముక్కులోనే ఉండిపోయిందేమో.

ప్రోతరాపూర్‌లో మా ఇంట్లో క్రిస్మస్ ముందు రంగులేసుకోవడం ఒక పండగ. వానలు వెనకపట్టి, పెరట్లో నాచు ఎండి, పోకచెట్ల మధ్య తాడు కట్టుకునే వీలు కుదిరిన రోజున, నానమ్మ పెద్ద సత్తు డేగిసా దింపి, కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేసేది. కర్టెన్లు, దిండు గలీబులు, అమ్మ వెలిసిపోయిన చీరలు, నాన్న పంచెలు చింపి నాకు కుట్టిన గౌన్లు, అన్నీ వరసగా తడిసి కూర్చునేవి. ఒక ఏడాది పసుపు, మరుసటి ఏడాది నారింజ, ఆపైన మెరూన్, ఆఖరికి కాఫీ రంగు. అందుకే మా ఇంట్లో ఏ కర్టెన్ వయసెంతో రంగు చూసి చెప్పేయవచ్చు. కాఫీ రంగు కూడా వెలిశాక అది నేల తుడిచే గుడ్డ అయ్యేది. రంగుపొడి ముందు చన్నీళ్ళలో ముద్ద చేసి, పల్చటి గుడ్డలో వడగట్టి, మరిగే నీళ్ళలో కలిపి, బట్ట వేసి, పోకబద్దతో తిప్పుతూ, సగం ఉడికాక నానమ్మ పిడికెడు ఉప్పు కొద్దికొద్దిగా చల్లేది. ఉప్పు లేకపోతే రంగు పట్టదు. ఎక్కువైతే మాత్రం ఒకచోటే ముద్దకట్టి బట్ట మచ్చలు పడుతుంది. ఆ పిడికిలిని నానమ్మ ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

నాకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది. బడికి పంపలేదు. అమ్మ గుడి పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పింది, లెక్కలు నాన్న నేర్పాడు. మా దీవుల్లో నా ఈడు వాళ్ళు తెలుగు చక్కగా మాట్లాడతారు, రాయమంటే తడబడతారు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఆయాసం దయే. పొయ్యి దగ్గర పొగ పడదని నన్ను వెనకగుమ్మంలో కూర్చోబెట్టేవాళ్ళు, అక్కణ్ణుంచే అన్నీ చూశాను.

హట్ బేలో మావయ్యకి చిన్న కిరాణా కొట్టు. సరుకు కోసం పోర్ట్ బ్లెయిర్ రావడం ఎలాగూ తప్పదు కనక, ఆ రాకని మా రంగులరోజుకి కలిపి అత్తతో సహా దిగేవాడు. బజారులో రంగు పొట్లాలు కొని, లుంగీ మడతలో దోపుకొని వచ్చేవాడు. మా ఇంట్లో ఆయనకున్న పని ఒకటే, చీరలు పిండడం. ఆరుగజాల తడి చీర ఒక్కరు పిండలేరు. ఒక కొస అత్త పట్టుకుంటే, రెండో కొస ఆయన పట్టుకొని, ఇద్దరూ ఎదురెదురుగా తిప్పుకుంటూ పోతే, చీర తాడులా మెలిపడి నడుమ నుంచి రంగునీళ్ళు ధారగా కారేవి. సరిగ్గా అప్పుడే మావయ్య పట్టు సడలించేవాడు. నీళ్ళన్నీ అత్త కాళ్ళమీద.

“సరిగా పట్టవయ్యా, చేపని పట్టినట్టు జార్చేస్తన్నావు.”

“చేపైతే వదుల్తానేటే.”

ఆ వచ్చే ఆదివారానికి కూడా ఆయన అరచేతుల్లో రంగు పోయేది కాదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చేతులు చాపితే మా పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, “ప్రకాశం, ఈ ఏడాది నీలమా” అనేవారు. “ఎడంచెయ్యి చూడండి అయ్యగారూ, మెరూన్ కూడా” అనేవాడు మావయ్య.

ఇంతమందికి రంగులద్దే నానమ్మ కట్టేది మాత్రం తెల్లచీర. తాతయ్య పోయినప్పుడు శ్రీకాకుళం నుంచి ఆవిడ అన్నగారు ఓడలో తెచ్చి కప్పిన చీరతో మొదలైన తెలుపు అది. మా సంఘంలో పాత కుటుంబాల ఆచారం అంతే. భర్త పోయిన మనిషికి జ్ఞాపకార్థ ప్రార్థన నాడు పుట్టింటివాళ్ళు తెల్లచీర పెడతారు. అది కట్టుకొని గుడిలో అడుగుపెడితే ఇక ఆయన లేడని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టు.

నాన్న జెట్టీ నుంచి తీసుకొచ్చిన అత్త ఒంటిమీద ఎవరో ఇచ్చిన లుంగీ, మగవాళ్ళ చొక్కా ఉన్నాయి. కాళ్ళనిండా గీతలు. జరిగింది ఒక్కసారే చెప్పింది. భూమి కదిలాక అందరూ గుట్టమీదికి పరుగెత్తారట. పక్కింటి ముసలమ్మ వెనకబడిందని మావయ్య వెనక్కి తిరిగాడట. “నువ్వు నడు, నేనొస్తన్నా” అన్నాడట. అంతే. అత్త ఆ తరువాత ఏడుస్తూ కూర్చోలేదు. ఆసుపత్రులకీ శిబిరాలకీ నాన్నతో కలిసి తిరిగింది, దిగిన ప్రతి బోటు దగ్గరా నిలబడింది.

మా ఇంటి వెనక పల్లంలో నేల కుంగి, పొలాల్లోకి సముద్రపు నీళ్ళు వచ్చి నిలిచాయి. మా బావి నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పు తేలాయి. వీధికొచ్చే ట్యాంకరు దగ్గర అమ్మ బిందెలతో నిలబడేది. ఆ మంచినీళ్ళు తాగడానికీ వంటకీ తప్ప ముట్టుకోనిచ్చేది కాదు.

ఎన్నాళ్ళకీ మావయ్య జాడ లేకపోయేసరికి పెద్దలు జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టమన్నారు. నానమ్మ నాన్నచేత బజారునుంచి తెల్లచీర తెప్పించి, అత్త మంచం మీద పెట్టింది. అత్త దాన్ని చూసి, మడత విప్పకుండా పక్కకి జరిపింది.

“నాకొద్దమ్మా.”

“నీకొద్దంటే అయిపోద్దేటే. ఆదివారం గుళ్ళో అందరూ వస్తారు. ఏటి కట్టుకుంటావు?”

“ఇదే కట్టుకుంటాను. రంగేసి.”

“నోరు మూసుకో. నానెన్నేళ్ళ నుంచి కడతన్నాను, నానేటి సచ్చిపోయినానా?”

“నాన్నని నువ్వు పెట్టెలో పెట్టి, మట్టేసి వచ్చేవు. నాకెవరు సూపించేరు? వస్తన్నా అన్నాడు. రానీ. ఆయన దొరికిన్నాడు నేనే వచ్చి తెల్లచీరడుగుతాను. అందాకా నన్ను ముండమోపిని చెయ్యకు.”

నానమ్మ లేచి వెళ్ళి పెరట్లో గుమ్మడిపాదు దగ్గర కూర్చుంది. అమ్మ మాత్రం మెల్లగా, రంగేదీ, నీళ్ళేవీ అంది. రంగు ఉంది. హార్లిక్స్ సీసాలో, క్రిస్మస్‌కి మావయ్య తెచ్చిన నెమలికంఠం పొట్లంలో సగం మిగిలి ఉంది. నీళ్ళు కూడా ఉన్నాయని అత్త బావిలోకి చేద వేసింది. తాగడానికి పనికిరాని నీళ్ళు బావినిండా ఉన్నాయి.

పొయ్యి అత్తే రాజేసింది. చీర తడిపి, రంగులో ముంచి, పోకబద్దతో తిప్పుతూ, ఇంట్లోంచి ఉప్పు తేకుండానే సగం ఉడికించింది. అంతలో సందులో బోటు మనుషులెవరో పిలిస్తే, ఏం కబురో అని ముందుకి పరుగెత్తింది. అప్పుడు గుమ్మడిపాదు దగ్గర్నుంచి నానమ్మ లేచింది. వెనకగుమ్మంలో కూర్చున్న నన్ను చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి పిడికిలి మూసుకొని వచ్చి, పొయ్యి దగ్గర వంగి, ఎప్పటిలాగే కొద్దికొద్దిగా చల్లి, బద్ద అందుకొని తిప్పడం మొదలుపెట్టింది. బోటు మనుషులు కబురేమీ తేలేదు. అత్త తిరిగి వచ్చేసరికి నానమ్మ తిప్పుతూనే ఉంది.

చీర పైకి తీస్తే మచ్చలు మచ్చలుగా ఉంది.

“అమ్మా, ఉప్పేసినావా?”

“ఎయ్యకపోతే రంగు పట్టుద్దేటే?”

“సముద్రం ముందే ఏసేసింది కదమ్మా.”

నానమ్మ చీర వైపు చూసింది, బావి వైపు చూసింది, ఆ పిడికిలి విప్పి చూసుకుంది. ముందు నవ్విందెవరో నాకు గుర్తులేదు. పానీ వచ్చాక మా ఇంట్లో అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూనే నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ తరువాత అత్తా ఆవిడా ఒకరినొకరు పట్టుకొని చాలాసేపు ఏడ్చారు. ఉప్పేయమని ఆవిడని ఎవరూ అడగలేదు. ఆ పిడికెడు ఉప్పే ఆవిడ ఒప్పుకోలు. అది తలచుకున్నప్పుడల్లా నాకు దేవుని మీద కృతజ్ఞతే కలుగుతుంది.

చీర జాడించాక పిండాలి. అత్త ఒక కొస పట్టుకొని, అలవాటుగా రెండో కొస ఎదుటికి చాపింది. ఎదుట ఎవరూ లేరు. ఆ కొస నేలమీద పడేలోపే నేను గుమ్మం దిగి వెళ్ళి పట్టుకున్నాను.

“ఆయాసమొస్తే చెప్పమ్మా, ఆగుదాం” అంది అత్త. రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదు.

ఆదివారం ఆ మచ్చల చీరే కట్టుకొని అత్త గుడికి వచ్చింది. పక్కన నానమ్మ తెల్లచీరలో నడిచింది. ఆడవాళ్ళ వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మాకు పిన్ని వరసైన పెద్దావిడ ఒకరు ఉండబట్టలేక, “ఇదేటి చీరే కరుణా, ఈరోజు కట్టేదేనా” అని అడిగేసింది. అత్త నోరు తెరిచేలోపు నానమ్మే అందుకుంది. “ఆ మచ్చలు నానే ఏసినాను. దానికేటి తెలుసు.” ఇక ఎవరూ అడగలేదు. ప్రభువు బల్ల దగ్గర అత్త చేతులు చాపితే అరచేతులు రెండూ నీలంగా ఉన్నాయి. అయ్యగారు రొట్టె పట్టుకొని ఆ చేతుల్నే చూశారు. తరువాత వినబడీ వినబడనంత మెల్లగా అడిగారు.

“ఈ ఏడాదీ నీలమేనా అమ్మా?”

“అవునయ్యగారూ” అంది అత్త.

తరువాతి వారం నుంచి శిబిరంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా పెరట్లోకి రావడం మొదలుపెట్టారు. మెయిన్‌లాండ్ నుంచి మూటలుగా వచ్చిన పాతబట్టల్లో చీరకి జాకెట్టు కలవదు, పిల్లల చొక్కాలమీద ఎవరివో మరకలు. “దీదీ, ఇస్కో భీ థోడా రంగ్ దో” అని హిందీలో, అదే మాట తమిళంలో, బెంగాలీలో, తమ బట్టలకీ కాస్త రంగెయ్యమని అడిగేవారు. ఉప్పు తేలిందని అందరూ తిట్టిన మా బావి ఆ ఏడాదంతా వాళ్ళకి రంగునీళ్ళిచ్చింది. అత్త ఆ పనితోనే నిలదొక్కుకొని, తరువాత షాదీపూర్‌లో గది తీసుకుంది. మావయ్య దొరకలేదు. అత్త తెల్లచీర అడగలేదు. నానమ్మ మాత్రం తన తెల్లచీరలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళింది, అది ఆవిడ ఇష్టం.

ఇప్పుడు ఆ బావిని పూడ్చి దానిమీద ఎవరో మేడ కట్టారు. కొళాయి నీళ్ళొచ్చాయి. బజారులో రంగు పొట్లం అడిగితే కొట్టబ్బాయి, “ఆంటీ, కొత్తదే సస్తాగా, చీప్‌గా వస్తుంది కదా” అంటాడు. ఇప్పటి పాలియెస్టర్ బట్టలకి రంగు పట్టనూ పట్టదు. పోకచెట్ల మధ్య రంగురంగుల తాడు కట్టిన ఇల్లు ప్రోతరాపూర్‌లో నాకు ఒక్కటీ కనబడదు.

పెట్టెలోంచి తీసిన చీరని అత్త ఈ పొద్దున ఉతకమంది. నడుము వంగిపోయినా తనే ఒక కొస పట్టుకుంది. “గట్టిగా తిప్పు. మధ్యలో జార్చకు, మీ మావయ్యలాగ” అంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆయన గురించి ‘ఉండేవాడు’ అనలేదు ఆవిడ. నేను గట్టిగా తిప్పాను. చివర్లో, కావాలనే, కొద్దిగా జార్చాను. నీళ్ళు ఆవిడ పాదాలమీద పడ్డాయి. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

మా గుడి సమాధుల తోటలో ఆయనకి రాయి లేదు. అత్త పెట్టనివ్వలేదు. అందుకని మీకు నాదొక మనవి. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇద్దరు కలిసి తడి బట్ట పిండుతుంటే, ముసలమ్మ కోసం వెనక్కి తిరిగిన మా ప్రకాశం మావయ్యని ఒక్కసారి తలచుకోండి.