సోంబాయి మెడలో టేకు బిళ్ళ

కరుణాకర్‌రావు సారుది మంథని. ఆయన పాఠం చెబితే గోడలకు కూడా ఛందస్సు వస్తుందని తోటి పంతుళ్ళు ఆటపట్టించేవారు. ఆ పట్టుదలకు కారణముంది. హైదరాబాదులో ట్రైనింగు చదివేటప్పుడు ఆయన "వచ్చిండు, పోయిండు" అన్నందుకు క్లాసు క్లాసంతా పకపకా నవ్వింది. తన దగ్గర చదివిన పిల్లల్ని చూసి ఎవరూ అట్లా నవ్వకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు మంచిదే. దాన్ని నిలబెట్టుకున్న పద్ధతే పాపిష్టిది.

డెబ్బై నాలుగులో ఆయన్ని ఖానాపూర్ అవతల అడవిలో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలకు వేశారు. పిల్లలంతా గోండులు. ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ, బడిలో తెలుగు. సారు వడ్రంగి చేత అరచేయంత టేకు బిళ్ళ చేయించి తాడు కట్టించాడు. గోండి మాట్లాడిన పిల్ల మెడలో అది పడుతుంది. మాట్లాడిన ఇంకొకరిని పట్టిచ్చేదాకా దిగదు. సాయంత్రం ప్రార్థనకు అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళు అందరి పళ్ళేలూ తోమాలి. బిళ్ళ ఉండగా మళ్ళీ నోరు జారితే వారమంతా తోమాలి. బిళ్ళ వదిలించుకోవడానికి పిల్లలు పక్కవాళ్ళను రక్తం వచ్చేలా గిల్లేవారు. నొప్పికి సొంత భాషే కదా బయటికొచ్చేది!

మరుసటేడు ఎండాకాలం, అంగడి రోజున, ఏడో తరగతి సోంబాయిని చూడటానికి వాళ్ళ తల్లి వచ్చింది. చేతిలో ఇప్పపూల మూట. బిళ్ళ ఆనాడు సోంబాయి మెడలోనే ఉంది. సారు వరండాలో నిలబడి చూస్తున్నాడు. తల్లి ఏదో అడిగింది. సోంబాయి సారు వైపు ఒకసారి చూసి, "నేను బాగున్నాను. మీరు వెళ్ళి రండి" అంది. తల్లికి తెలుగు ఒక్క ముక్క రాదు. అదే మాట ఇంకోసారి అడిగింది. మూడోసారీ అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. మూట మెట్టు మీద పెట్టి, బిడ్డ తల నిమిరి వెళ్ళిపోయింది. సారు పొంగిపోయి ప్రార్థనలో అందరి ముందూ సోంబాయికి తన జేబులోని పెన్ను బహుమతిగా ఇచ్చాడు.

వానలు పడకముందే తల్లి చనిపోయిందని కబురొచ్చింది. ఇంటికి వెళ్ళిన సోంబాయి మళ్ళీ బడికి రాలేదు.

సారు బిళ్ళను పొయ్యిలో వేశాడు. కానీ ఆ తల్లి అడిగిన మాట ఆయన్ని వదల్లేదు. మంథని బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వినబడేది. భార్య మనోరమ "ఇంకింత కూర వెయ్యాల్నా?" అని అడిగితే అందులోనూ అదే గొంతు. అన్నంలో చెయ్యి అట్లాగే ఆగిపోయేది.

"ఏమైంది, గట్ల చూస్తున్నరు?" అనేది మనోరమ.

ఆ తల్లి మాటకు అర్థం ఆయన ఎవరినీ అడగలేదు. అడగడానికి భయం.

రిటైరయ్యే ముందేడాది, తొంభైలో, పట్టుబట్టి మళ్ళీ అదే బడికి బదిలీ చేయించుకున్నాడు. అక్కడి వంటమనిషి పోశం దగ్గర గోండి నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

"గిప్పుడెందుకు సారూ? పింఛను గోండిల ఇస్తరా?" అని నవ్వేవాడు పోశం.

ఉప్పు, నీళ్ళు, నిప్పు, చుట్టరికాలు అన్నీ వచ్చాయి. ఒకరోజు ధైర్యం చేసి, పదిహేనేళ్ళుగా చెవిలో మోగుతున్న ఆ మాటను విన్నది విన్నట్టే పలికాడు.

పోశం పప్పు కలుపుతూనే అన్నాడు: "'నాకు పానం బాగలేదు బిడ్డా, ఇంటికి వస్తవా?' అన్నట్టు. ఎవరన్నరు సారూ?"

ఆ పూట సారు అన్నం ముట్టలేదు.

ఆ ఆదివారమే సోంబాయి ఊరు వెతుక్కుంటూ పోయాడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది, పక్కన ఇద్దరు పిల్లలు. దారంతా వల్లెవేసిన గోండి ముక్కలు ఆయన నిలబడే అప్పజెప్పాడు. తప్పు నాది. నీ తల్లికి నువ్వు జవాబు చెప్పనిది నా వల్లనే. ఆయన పలుకు విని పిల్లలిద్దరూ పకపకా నవ్వారు. సోంబాయి వాళ్ళను కసిరి, మంచం వాల్చింది.

"కూర్చోండి సార్" అంది.

ఆయన కూర్చోలేదు. "ఒక్క మాట నీ భాషల చెప్పు బిడ్డా. తిట్టినా సరే" అని బతిమాలాడు.

సోంబాయి చేట కింద పెట్టింది. ఆయన నేర్పిన ఆ అచ్చమైన తెలుగులోనే, ఒక్క అక్షరం జారకుండా అంది:

"మా అమ్మ మూడుసార్లు అడిగితే ఆ భాషలో ఒక్క మాట చెప్పలేదు సార్. మీకెలా చెప్పను?"