ఏ నూనెలో వేయించినారు?

మూడు నెలలు ఈ ఒక్క ప్రశ్న అడుగుతూ తిరిగాను. ఐస్ ప్లాంట్లలో కంప్రెసర్లు బాగుచేయడం నా పని. తడ నుంచి జువ్వలదిన్నె దాకా ఎక్కడ మెషిన్ ఆగినా నాకే ఫోన్ వస్తుంది. మధ్యాహ్నం తిండి ఎప్పుడూ బయటే. షుగరు పెరిగిందని డాక్టరమ్మ అన్నం, ఇడ్లీ మాన్పించి కీటో తిండి పెట్టింది. "కడుపు మంచి కొవ్వుతో నిండాలి. మూడు నెలలు చూస్తాను. తగ్గకపోతే ఇన్సులిన్" అంది. మా నాయనకు ఆ సూది ఏళ్ల తరబడి నేనే పొడిచాను. పొడిచిన చోటే పొడవకుండా ఆయన పొట్ట మీద రోజూ కొత్త చోటు వెతికేవాణ్ణి. నాకా బతుకు వద్దు.

వద్దంటే సరా, మంచి కొవ్వు దొరకాలి కదా. నాయుడుపేటలో ఒక హోటల్లో నెయ్యి అడిగితే చిన్న గిన్నెలో తెల్లగా గడ్డకట్టిందేదో తెచ్చాడు. "నెయ్యేనా?" అన్నాను. "నెయ్యి లాంటిదే సార్" అన్నాడు సర్వరు, ఏమాత్రం సిగ్గుపడకుండా. చెట్టు పేరు చెప్పి కాయలమ్మడమంటే ఇదే. తడ దగ్గర వెన్నతో ఆమ్లెట్ వేయమన్నాను. "వెన్న లేదన్నా, నూనే ఇంకొంచెం ఎక్కువ పోస్తాలే" అన్నాడు. ఆ నూనె డికాక్షన్ రంగులో ఉంది. ఇంటి నుంచి సీసాలో నెయ్యి తీసుకెళ్తే మూత వదులై స్కూటరు డిక్కీలో స్పానర్లన్నీ నేతిలో మునిగాయి. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం సగం తిని లేచేవాణ్ణి, సాయంత్రానికి ఆకలి దహించేది, స్కూటరు బజ్జీల బండి దగ్గర ఆగేది. నా మీద నాకే అసహ్యం వేసేది.

జువ్వలదిన్నెలో హార్బరు పక్కన ఒక అక్క మెస్ నడుపుతుంది. ఆమె మొగుడు బోటు మీద వేటకు పోతాడు. ఎప్పుడు వెళ్లినా నాకు వంజరం చేప వేపుడు పెట్టేది, దాని మీద కార్న్‌ఫ్లోర్ పూత. ఆ పూత గీకి పక్కన పెట్టేవాణ్ణి. ఏ నూనె అని అడిగితే "ప్యాకెట్ నూనే అన్నా, మంచిదే" అనేది. గోడకు చెప్పుకున్నా ఒకటే.

మూడు నెలల పరీక్షకు ముందు రోజు, చెయ్యి కడుక్కుందామని ఆమె పెరట్లోకి వెళ్లాను. అక్క తన కోసం నూనె కవళ్ల చేపలు కాల్చుకుంటోంది. పెనం మీద చుక్క నూనె పోయలేదు. చేపల కొవ్వే కరిగి కారి, అందులోనే అవి వేగుతున్నాయి. ఉప్పు, పసుపు, కారం తప్ప పిండి జాడ లేదు.

"ఇవి నాకెందుకు పెట్టలేదక్కా?" అన్నాను.

ఆమె ఇబ్బంది పడింది. "కవళ్లన్నా ఇవి. చవక చేపలు, మేం తినేటివి. పని మీద వచ్చినోళ్లకి కవళ్లు పెడతారా ఎవురన్నా? ఊళ్లో నవ్వరా? వంజరం పెట్టాల."

"మూడు నెలలుగా నేను అడుగుతోంది ఈ కొవ్వే కదా."

"మీరు నూనె సంగతి అడిగినారు. నేను నూనె సంగతే చెప్పినాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అరవను? మర్యాద చేసిన మనిషి మీదా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. అక్కడే పీట వాల్చుకుని ఆరు చేపలు తిన్నాను. ఆ సాయంత్రం ఆకలి వేయలేదు. బజ్జీల బండి దాటి వచ్చేశాను, మూడు నెలల్లో మొదటిసారి. దాంతో కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు పరీక్ష రిపోర్టు చూసి డాక్టరమ్మ తిట్టలేదు. చీటీ మీద ఇన్సులిన్ రాసింది.

ఇప్పుడు జువ్వలదిన్నె వెళ్తే నేరుగా పెరట్లోకే పోతాను. అక్క కవళ్లు పెనం మీద పరుస్తుంది. మొదటి రోజు నేను తినే ముందు సూది పట్టుకుని, చొక్కా ఎత్తి పొట్ట మీద చోటు వెతుక్కోవడం చూసింది.

"రోజూనా అన్నా?"

"రోజూ."

చేపలు తిరగేస్తూ "అప్పుడే పెట్టుంటే" అని ఆగిపోయింది. నేను చొక్కా దించుకుని పీట దగ్గరికి లాక్కున్నాను.